దిగేవాళ్ళ వైపు

కొండదారిలో ఒక రాతికి గుర్తు పెట్టాలంటే రెండుసార్లు రంగు వేయాలి. ఎక్కేవాళ్ళకి కనిపించే వైపు ఒకటి, దిగేవాళ్ళకి కనిపించే వైపు ఒకటి. ఎక్కేవైపు గుర్తులు ఎక్కుతూ వేయాలి, దిగేవైపువి దిగుతూనే వేయాలి. "ఎక్కేటప్పుడే అటు తిరిగి ఒక గీత గీసేస్తే పోదూ, రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి" అని చిన్నప్పుడు నేను తెలివితేటలు చూపించబోతే నాన్న నా నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. దిగేవాడి కళ్ళు ఎక్కడ పడతాయో దిగేవాడికే తెలుస్తుందట. ఎక్కేవాడు తలెత్తి చూస్తాడు, దిగేవాడు తన కాళ్ళకేసి చూసుకుంటాడు, కాబట్టి గుర్తు కాస్త కిందుగా ఉండాలట. ముప్పై ఏళ్ళుగా బాట మేస్త్రి చేస్తున్న మనిషి చెప్పాక ఇక నేను వాదించేదేముంది, నెత్తి రుద్దుకుంటూ ఊరుకున్నాను.

ఇప్పుడు చెబుతున్నది నాకు ఇరవై ఆరేళ్ళప్పటి వసంతం సంగతి. వసంతమంటే పూలూ పిట్టలూ అనుకునేరు. మాకు వసంతం చివరంటే గునపం, సుత్తి, రంగు డబ్బా. మా ఇల్లు కొండ మొదట్లోనే ఉంటుంది. అక్కణ్ణుంచి పైన కనుమ దాకా ఐదు గంటల ఎక్కుడు. కనుమ దాటి అవతల రెండు గంటలు దిగితే ఇంకో లోయ, అక్కడొక విడిది, బస్సులు ఆగే రోడ్డు. చలికాలమంతా మంచు కింద పడుకున్న దారి వసంతం చివర్లో బయటపడుతుంది. అప్పుడు దాని అవతారం చూడాలి. మెట్లుగా పేర్చిన రాళ్ళు దొర్లిపోయి ఉంటాయి, పాత రంగులు గీసుకుపోయి ఉంటాయి, నడవాల్సిన చోట నీళ్ళు నడుస్తుంటాయి. వీపున సంచులు తగిలించుకుని సరదాగా కొండలెక్కడానికి వచ్చేవాళ్ళని మేం నడకవాళ్ళంటాం. ఆ నడకవాళ్ళు వచ్చేలోపు దాన్ని మళ్ళీ దారిలా చేయాలి. కనుమకి ఇవతల మా పని, అవతల అవతలివాళ్ళ పని.

ఆ ఏడు నాన్న మోకాలు మొరాయించింది. మొదటి రోజే గునపం భుజాన వేసుకుని బయల్దేరి, రెండో మలుపు దాకా వెళ్ళి, ఒక చేత్తో గునపాన్నీ ఒక చేత్తో కొండనీ పట్టుకుని తిరిగొచ్చాడు. వచ్చి గుమ్మం ముందు బల్ల మీద కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అడక్కముందే "చెప్పు కరిచింది" అన్నాడు.

"చెప్పు కరిస్తే మోకాలు పట్టుకుంటారా అన్నయ్యా?" అంది అత్తయ్య, దుంపలు చెక్కుతూ. అమ్మ పోయినప్పటి నుంచి మా ఇంటినీ, నడకవాళ్ళ భోజనాలనీ చూసుకునేది ఆవిడే. కత్తికీ ఆవిడ నోటికీ ఏది పదునంటే చెప్పడం కష్టం.

నాన్న రంగు డబ్బా నా వైపు జరిపాడు. "చిన్నదీ, ఈ ఏడు నువ్వే వేయాలి. రాయిని ముందు ఇనప బ్రష్షుతో గీకు. తడి తుడిచి వెయ్యి. రెండు వైపులా వెయ్యి. ప్రతి రాతికీ."

"దిగేవైపు ప్రతి రాతికీ ఎందుకు నాన్నా? అటునుంచి ఇటు దిగేవాళ్ళు ఏడాదికి పదిమంది ఉండరు. ఆ పదిమందీ దారి తప్పినవాళ్ళే."

అది నిజమే. నడకవాళ్ళంతా ఇటు ఎక్కి అటు దిగి బస్సెక్కి పోతారు. అందుకే ఒకప్పుడు నాన్న కూడా దిగేవైపు నాలుగైదు రాళ్ళకొకటి చొప్పున వేసి సరిపెట్టేవాడు. మూడేళ్ళుగానే ప్రతి రాతికీ వేస్తున్నాడు.

"రావచ్చు" అన్నాడు నాన్న.

ఎవరు రావచ్చో ఆయన చెప్పలేదు, మేం అడగలేదు. మూడేళ్ళుగా కనుమకి అవతల విడిదిలో ఉంటున్నది మా అక్క.

అక్క వెళ్ళిపోయిన గొడవ ఇంతే. మా దారి మధ్యలో ఒక గండి ఉంది. మంచు కరిగే రోజుల్లో దాన్నిండా రాళ్ళు జారుతుంటాయి. నాన్న దారి అందులోంచే వెళ్ళేది. అక్క ఒక వసంతంలో ఎవరికీ చెప్పకుండా గండి పక్కన కొండ వెన్ను మీదుగా తనే ఒక దారి చెక్కింది, పదకొండు రోజులు ఒక్కతే కష్టపడి. నాన్న అది చూసి, నలుగురు కూలీల ముందు, దాని మొదట్లో రాళ్ళు పేర్చి మూసేయించాడు. "నా దారి మీద నీ పెత్తనమేంటి? తప్పయిందని దిగి వస్తే సరి" అన్నాడు. అక్క సంచి సర్దుకుంది. "నేను కొండెక్కుతున్నాను. దిగి రావడం నాకు చేతకాదు" అని చెప్పి కనుమ దాటి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాదే నాన్న ఆ రాళ్ళు తీయించాడు. అక్క చెక్కిన దారినే అసలు దారి చేసి, గండికి అడ్డంగా కర్రలు పాతాడు. ఆ సంగతి అక్కకి కబురు పెట్టమని అత్తయ్య నెత్తీ నోరూ కొట్టుకుంది. పెట్టలేదు. మా ఇంట్లో కొండలెక్కడం అందరికీ వచ్చు, దిగి రావడమే ఎవరికీ రాదు.

నాకు అక్క మీద ఎంత బెంగో అంత కోపం. ఉన్న మాట చెబుతున్నాను. రోజూ నాన్న కాలికి నూనె రాసేది నేను, నీళ్ళు మోసేది నేను. ఆయన మాత్రం అన్నం తింటూ తింటూ తలెత్తి కనుమకేసి చూసేవాడు. ఎదురుగా ఉన్నదాన్ని కదా, నా వైపు చూడాల్సిన అవసరం రాలేదు.

మూడు వారాలు పట్టింది కింది దారికి. ఒక కూలీ సాయంతో మెట్లు పేర్చాను, కాలవలు మళ్ళించాను. దిగేవైపు రంగు కూడా బుద్ధిగానే వేశాను. ఇంక పలక బండ నుంచి కనుమ దాకా మిగిలింది. పలక బండంటే పలకలా నున్నగా, నలుగురు కూర్చునేంత రాయి. కనుమ నుంచి దిగితే నలభై నిమిషాలు. పైనుంచి వచ్చేవాళ్ళకి మా ఇల్లు మొదటిసారి కనిపించేది దాని మీద నిలబడితేనే.

ఆ పై భాగానికి ఒక శనివారం ఒక్కదాన్నే వెళ్ళాను. తెల్లవారుతూనే బయల్దేరాను. పలక బండ దాటాక అది దారి కాదు, నిచ్చెన. ఒక్కో మెట్టు మోకాలంత ఎత్తు. కుడివైపు కొండ, ఎడమవైపు ఏమీ లేదు. రాళ్ళ సందుల్లో ఇంకా మంచు ముద్దలు. కింద నుంచి వాటి నీళ్ళు కారుతున్నాయి, ఎక్కడ చెయ్యి పెట్టినా చల్లగా జారుతోంది. గీకడం, తుడవడం, జానెడు పసుపు గీత గీయడం, డబ్బా తీసుకుని ఇంకో మెట్టు ఎక్కడం. ఒక చోట కాలి కింద రాయి కదిలి, కింద ఎక్కడో పడిన చప్పుడు నాకు వినపడటానికి చాలాసేపు పట్టింది. ఆ రాయి స్థానంలో నన్ను ఊహించుకోకుండా ఉండటానికి గట్టిగా పాడుకున్నాను. నా పాట వింటే మిగతా రాళ్ళు కూడా దూకేసేవి.

కనుమ ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. అవతల లోయలో విడిది రేకుల కప్పు ఎండలో చెంచాలా మెరుస్తోంది. ఆ కప్పు కింద మా అక్క ఉంది. ఈ వేళకి ఏం చేస్తుంటుంది? గిన్నెలు కడుగుతుంటుందా? జుట్టు ఇంకా అలాగే పైకి ముడేస్తుందా?

"అక్కా!" అని అరిచాను. అంత దూరం వినపడదని నాకు తెలుసు. అయినా మూడుసార్లు అరిచాను. గాలి తప్ప ఏమీ పలకలేదు. ఏడుపొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది. రెండు గంటల దూరంలో ఉండి మూడేళ్ళలో ఒక్కసారి రాని మనిషి కోసం నేను మోకాళ్ళు అరగదీసుకుని ప్రతి రాతికీ రంగు వేయాలా? అసలు తనకి గుర్తులెందుకు? కళ్ళకి గంతలు కట్టినా దిగుతుంది ఈ దారి. డబ్బా మీద మూత బిగించి, సంచిలో పడేసి, చేతులూపుకుంటూ దిగాను.

పలక బండ మీదికి రాగానే కింద ఇల్లు కనిపించింది. అగ్గిపెట్టెంత ఇల్లు, పైన దారంలా పొగ. మనసు పీకింది. వెనక్కి తిరిగి కనుమకేసి చూశాను. మళ్ళీ నలభై నిమిషాలు ఎక్కి, మళ్ళీ దిగాలి. నా కాళ్ళు ససేమిరా అన్నాయి. దాని బదులు అక్కడి నుంచి కిందికి, ఇంతకు ముందు వేసినవాటి మీదే దిగేవైపు ఇంకో పూత వేసుకుంటూ వచ్చాను, తప్పుని రంగుతో కప్పినట్టు. ఆ కొత్త గుర్తుల్లో మొదటిది పలక బండ కింది మలుపు తిరిగాక ఉంటుంది. బండ మీద నిలబడినవాళ్ళకి కనపడదు.

సాయంత్రం నాన్న గుమ్మం దగ్గరే ఉన్నాడు.

"రెండు వైపులా?"

"ఆ."

"కనుమ నుంచీ?"

"కనుమ నుంచే నాన్నా. ఎన్నిసార్లు అడుగుతావు?"

డబ్బా చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "చాలా మిగిలిందే" అన్నాడు.

"పొదుపుగా వేశాను."

"నయమే. పెద్దదైతే సగం ఒంటికే పూసుకునేది" అని నవ్వాడు. మూడేళ్ళలో అక్క ఊసెత్తి ఆయన నవ్వడం అదే మొదటిసారి. నేను తల దించుకుని లోపలికి జారుకున్నాను.

ఆదివారమంతా నాన్న బయట ఎండలో కాలు చాపుకుని కూర్చున్నాడు. సోమవారం మోకాలు గుమ్మడికాయంత వాచింది. మంగళవారం పొద్దున్నే అత్తయ్య పాలవ్యాను ఆపి, ఆయన్ని అందులో కూర్చోబెట్టింది. ముగ్గురం పట్నం ఆసుపత్రికి బయల్దేరాం. వ్యాను కదలబోతుంటే నాన్న పేచీ పెట్టాడు. "ఇంట్లో ఒకరుండాలి. ఇల్లు మూసేసి అందరం వెళ్ళిపోతే ఎలా?"

"ఎవరొస్తారనీ?" అంది అత్తయ్య. "నడకవాళ్ళు వచ్చే వారం గానీ రారు. దొంగలొస్తే ఈ కొండెక్కి ఆయాసపడి, మంచినీళ్ళడిగి పోతారు."

నాన్న రోడ్డు మలుపు తిరిగేదాకా మెడ తిప్పి ఇంటికేసి చూస్తూనే ఉన్నాడు. ఆసుపత్రి వరండాలో ఒక బల్ల మీద ముగ్గురం వరసగా సాయంత్రం దాకా కూర్చున్నాం. డాక్టరు మోకాలు నొక్కి, వంచి, ఫొటో తీయించి చూసి, "కొండలు చాలు పెద్దాయనా. ఇక నేల మీద నడవండి, అదీ నెమ్మదిగా" అన్నాడు. నాన్న కనుమ దాకా ఇంకెప్పుడూ ఎక్కలేడు. ఇక ఆయన అక్కని చూడాలంటే అక్కే రావాలి. ఆ సంగతి తిరిగొస్తున్న వ్యానులో ముగ్గురికీ అర్థమైంది.

ఏటా పని ముగిశాక ఒకరు కనుమ దాకా వెళ్ళి, అవతలి బాట మేస్త్రితో కాగితం మీద సంతకం చేయించుకు రావాలి, దారి తెరిచామని. ఆ శుక్రవారం నేను వెళ్తానన్నాను. కనుమ దగ్గర ఆగను, విడిది దాకా వెళ్తాను, రాత్రికి అక్కడే ఉంటాను అన్నాను. మనసులో అనుకున్నది వేరే. అక్కని చూడాలి. జుట్టు పట్టుకుని అయినా ఈడ్చుకురావాలి. మిగిలిన రంగు డబ్బా ఎవరూ చూడకుండా సంచి అడుగున పెట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు వదిలేసిన గుర్తులు వేసేద్దామని.

"చిన్నదీ" అని పిలిచాడు నాన్న, నేను మొదటి మెట్టు మీద ఉండగా. "అవతల ఎవరైనా అడిగితే చెప్పు. వెన్ను మీది దారి బాగుందని నడకవాళ్ళందరూ అంటున్నారని."

"ఎవరడుగుతారు నాన్నా?"

"అడిగితేనే. అడక్కపోతే నువ్వే చెప్పు."

అంతకన్నా దిగి రావడం ఆయనకి రాదు. సరేనని చెప్పి ఎక్కేశాను. ఆ రోజు ఐదు గంటల ఎక్కుడు నాలుగు గంటల్లో ఎక్కాను. కాళ్ళు నొప్పి పుట్టినట్టు కూడా గుర్తులేదు. అక్కతో ఏమేం చెప్పాలో అంతా పోగేసుకున్నాను. కనుమ నుంచి విడిది దాకా దాదాపు పరిగెత్తాను.

విడిది పెరట్లో ఒక పెద్దావిడ దుప్పట్లు పిండుతోంది. చేతులు దూలాల్లా ఉన్నాయి. విడిది నడిపేది ఆవిడే. నన్ను చూడగానే దుప్పటి వదిలేసి నిలబడిపోయింది.

"నువ్వు చెల్లెలివి కదూ? అదే ముక్కు."

"అక్కేది పెద్దమ్మా?"

ఆవిడ చేతులు తుడుచుకుంది. "కూర్చోమ్మా ముందు" అంది. అరుగు మీద కూర్చున్నాను.

"వెళ్ళిపోయిందమ్మా. బుధవారం పొద్దున సరుకుల బండిలో. దక్షిణాన ఏవో కొండలట, అక్కడ కొత్త బాటలు వేస్తున్నారట. రెండేళ్ళుగా రమ్మని ఉత్తరాలు రాస్తున్నారు. చూద్దాం చూద్దాం అంటూ వాయిదా వేసేది. ఎందుకే, మంచి పని కదా అంటే, ఇక్కడైతే ఇంటికి దగ్గర అనేది."

"మరి ఇప్పుడెందుకు వెళ్ళింది?"

"అదే నాకూ తెలీలేదు ముందు." ఆవిడ నా పక్కన అరుగు మీద కూలబడింది. "ఏటా మీవాళ్ళు పని ముగించారని మా బాటవాళ్ళు చెప్పగానే, ఒక పూట సెలవు పెట్టుకుని కనుమ దాకా వెళ్ళొచ్చేది. వచ్చి, 'వేశాడు పెద్దమ్మా, దిగేవైపు ప్రతి రాతికీ వేశాడు' అని చెప్పేది. ఆ రోజంతా దాని కాళ్ళు నేల మీద ఉండేవి కావు. దిగేవైపు రంగేస్తే నీకేంటే ఇంత సంబరం అంటే చెప్పేది కాదు. ఈసారి మీ నాన్న మోకాలు పాడయిందని ఎవరో చెప్పారు. చాలమ్మా ఈ పంతాలు అనుకుందేమో, ఉన్నవన్నీ సంచిలో సర్దుకుంది. 'ఇంటికెళ్తున్నా' అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది, నవ్వింది, బయల్దేరింది."

"ఎప్పుడు?"

"మంగళవారం. చీకటి పడకముందే అదే సంచితో తిరిగొచ్చింది. ఏమైందే అంటే, 'ఎక్కేవైపు రంగు మెరిసిపోతోంది పెద్దమ్మా, దిగేవైపు ఒక్క కొత్త గీత లేదు. ఈ ఏడు నాన్న వేయొద్దన్నాడు' అంది. మోకాలు బాగోలేదు కదే, మీ నాన్న ఎక్కి ఉండడు అన్నాను. 'మా చెల్లి వేసి ఉంటుంది. అది నాన్న చెప్పిన పని చేయకుండా ఎప్పుడూ వదల్లేదు. నాన్న చెప్పి ఉంటే వేసేది' అంది."

ఆవిడ చెబుతూనే ఉంది.

"అయినా మనసాగక ఏదో బండ దాకా దిగిందట. అక్కణ్ణుంచి మీ ఇల్లు కనిపిస్తుందటగా? పొగ లేదు, ఆరేసిన బట్ట లేదు, తలుపులు మూసి ఉన్నాయి, మనిషి అలికిడి లేదు. గంటసేపు నిలబడిందట. ఇక వెనక్కి వచ్చేసింది."

నేను ఆవిడకి నిజం చెప్పాను. మొదట ఆవిడకే చెప్పాను. ఆవిడ నన్ను తిట్టలేదు, దుప్పటిలా నా తల ఒళ్ళో వేసుకుంది. చిరునామా ఏమైనా ఉందా అని అడిగాను. లేదంది. వెళ్ళాక రాస్తానందట.

మర్నాడు తిరిగొచ్చాను. కనుమ నుంచి పలక బండ దాకా ఒక్క రాయి వదలకుండా గీకి, తుడిచి, దిగేవైపు వేశాను. దిగేవాడి కళ్ళు ఎక్కడ పడతాయో దిగుతుంటే నిజంగానే తెలుస్తుంది. ప్రతి మెట్టు దగ్గరా, ఇక్కడ అక్క చూసి ఉంటుంది, ఇక్కడ వెతికి ఉంటుంది, ఈ పాత గీతని వేలితో గోకి చూసి ఉంటుంది అనుకుంటూ వేశాను. వెక్కిళ్ళకి గీతలు వంకర పోయాయి. నలభై నిమిషాల దారికి మూడు గంటలు పట్టింది.

పలక బండ మీద నిలబడ్డాను. కింద పొగ ఉంది, ఆరేసిన బట్టలున్నాయి. గుమ్మం ముందు ఒక తెల్లచుక్క కదలకుండా ఉంది. నాన్న చొక్కా. అక్క వచ్చిన రోజు ఆ చుక్క అక్కడ ఉండి ఉంటే చాలు, గుర్తులున్నా లేకపోయినా తను పరిగెత్తుకుంటూ దిగేది. బండ దిగి మలుపు తిరిగాను. మొన్న నేను రెండో పూత వేసిన గుర్తు అక్కడే ఉంది. లెక్కపెట్టాను, బండ నుంచి ముప్పై ఒక్క అడుగులు.

ఇంటికొచ్చేసరికి ఎండ వాలుతోంది. నాన్న బల్ల మీద కాలు చాపుకుని ఉన్నాడు. నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని దారికేసి చూశాడు. రెండుసార్లు చూశాడు. నేను సంచి దించి ఆయన కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"అక్క లేదు నాన్నా. దక్షిణం కొండలకి వెళ్ళిపోయింది. కొత్త బాటలు వేసే పనట."

"మంచి పనే" అన్నాడు. "చెయ్యి తిరిగిన మనిషి అది."

"నాన్నా, కనుమ నుంచి పలక బండ దాకా దిగేవైపు నేను వేయలేదు. నీకు అబద్ధం చెప్పాను. అక్క సంచి సర్దుకుని ఇంటికే బయల్దేరింది. గుర్తులు లేవని, నువ్వే వద్దన్నావనుకుని వెనక్కి వెళ్ళిపోయింది."

ఆయన ఏమైనా అంటాడని చూశాను. కొట్టినా బాగుండు. ఆయన చేతులు మోకాలి మీద ఉన్నాయి. నా వైపు చూడలేదు, కొండకేసి చూస్తున్నాడు.

"ఎంత దాకా దిగింది?" అని అడిగాడు.

"పలక బండ దాకా."

"పలక బండ దాకానా?" గొంతు మారిపోయింది. నాకు అర్థం కాలేదు, ముఖంలోకి చూశాను. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, మనిషి మాత్రం వెలిగిపోతున్నాడు. "పలక బండ దాకా దిగి వచ్చిందా! నలభై నిమిషాల దారే అది. పంతం పట్టిన మనిషి ఎవరైనా అంత దిగుతారా?" తల ఊపుకున్నాడు. అంతలో ఏదో తట్టినట్టు నా భుజం పట్టుకున్నాడు. "అక్కడ నిలబడితే ఇల్లు కనిపిస్తుంది."

"అవును నాన్నా."

"ఏ రోజు వచ్చింది?"

మంగళవారం అని నోటిదాకా వచ్చింది. మంగళవారం మేం ముగ్గురం ఆసుపత్రి బల్ల మీద వరసగా కూర్చున్నాం. ఇంటికి తాళం వేసింది నేనే.

"ఆదివారం" అన్నాను.

నాన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఆదివారం... ఆదివారం నేను బయటే ఉన్నాను కదూ?" లోపలికి తిరిగి కేకేశాడు. "ఏమ్మా, పోయిన ఆదివారం నేను బయటే కూర్చున్నాను కదూ?"

"ఎక్కడ కూర్చుంటావు మరి?" అంది అత్తయ్య లోపల్నుంచి. "పొద్దున్నుంచి పొద్దుపోయేదాకా గుమ్మానికి అడ్డంగా అక్కడే. నిన్ను దాటుకుని తిరగలేక చచ్చాను."

"ఏ చొక్కా వేసుకున్నాను?"

"నీకున్నవి రెండూ తెల్లవే."

నాన్న తన చొక్కా కేసి చూసుకున్నాడు. నలిగిన అంచుని కిందికి లాగి సర్దుకున్నాడు. "అయితే కనపడి ఉంటాను" అన్నాడు. "నన్ను చూసే వెళ్ళింది."

"చూసే వెళ్ళింది నాన్నా. చాలాసేపు నిలబడి చూసిందట."

ఆయన పలక బండ ఉండే వైపే చూస్తున్నాడు. ఇక్కణ్ణుంచి అది కనపడదు, కొండ ఒక్కటే కనిపిస్తుంది. చివరికి బల్ల అంచు పట్టుకుని, బాగున్న కాలి మీద బరువు వేసి, నేను పట్టుకోబోతే వద్దని చెయ్యి తోసేసి, నెమ్మదిగా లేచాడు.

"తెలిసుంటే లేచి నిలబడేవాణ్ణి" అన్నాడు.